కత్తెర పురుగు కణంలో మనిషి ప్రొటీన్

నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో మొక్కజొన్న వేసే రైతుకు కత్తెర పురుగును కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. తల మీద తిరగేసిన ఇంగ్లీషు 'వై' గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల మచ్చలు. అమెరికా ఖండాల్లో పుట్టిన ఈ పురుగు 2016లో ఆఫ్రికాలో కనబడింది. 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గ చేలల్లో బయటపడి, ఆ ఏడాదే తెలుగు రాష్ట్రాలకూ పాకింది. మన చేలకు అది కొత్తేమో గానీ, ప్రయోగశాలల్లో అప్పటికే దానికి నలభై ఏళ్ల సర్వీసు ఉంది.

1977లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఈ పురుగు ప్యూపా అండాశయం నుంచి కణాలు తీసి గాజు పాత్రల్లో పెంచారు. అవి చావకుండా పెరుగుతూనే పోయాయి. వాటిలోంచి ఏరి వృద్ధి చేసిన రకమే ఎస్‌ఎఫ్-9. ఇవాళ ప్రపంచమంతటా ల్యాబుల్లో ఉన్నది ఆ సంతతే.

ఈ కథలో రెండో పాత్ర ఒక వైరస్. అదీ మనవాళ్లకు తెలిసిందే. మిరపలో, శనగలో లద్దె పురుగు మీద సాయంత్రం పూట పిచికారీ చేసే ఎన్‌పీవీ ద్రావణం ఈ వైరస్ కుటుంబానిదే. జబ్బు సోకిన పురుగు మొక్క చివరికి పాకి, తలకిందులుగా వేలాడి చస్తుంది. ఎండకూ వానకూ తట్టుకోవడానికి ఈ వైరస్ తన చుట్టూ పాలిహెడ్రిన్ అనే ప్రొటీన్‌ను గుట్టలుగా తయారుచేయించుకుంటుంది. గాజు పాత్రలో ఎండా లేదు, వానా లేదు. ఆ కవచంతో పనేముంది? టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో మాక్స్ సమ్మర్స్, గేల్ స్మిత్ పట్టుకున్న కీలకం ఇదే. కవచం జన్యువు ఉండే చోట మనిషి జన్యువు పెట్టారు. వైరస్ కత్తెర పురుగు కణాల చేత తన కవచానికి బదులు ఇంటర్ఫెరాన్ అనే మనిషి ప్రొటీన్‌ను చేయించింది. అది 1983.

ఇక ఈ కథలో మూడో పాత్ర, ఒక హార్మోన్. కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథులు ఒత్తిడి వేళ కార్టిసాల్‌ను వదులుతాయి. దాని దగ్గరి చుట్టం కార్టిసోన్‌ను 1948 సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో మంచం పట్టిన ఒకామెకు ఎక్కించింది. వారం తిరిగేసరికి ఆమె బజారుకు వెళ్లొచ్చింది! ఈ హార్మోన్ల మీద చేసిన పనికి 1950లో హెంచ్, కెండాల్, రైష్‌టైన్‌లకు నోబెల్ వచ్చింది. ఆ తర్వాత స్టిరాయిడ్ ఇంజెక్షన్ పల్లెల్లో ఆర్‌ఎంపీల సంచుల్లోకీ చేరింది. నొప్పులు ఇట్టే తగ్గేవి, అదే పనిగా వాడితే ముఖం ఉబ్బేది, షుగర్ పెరిగేది. ఇంతమంది ఇంతకాలం వాడిన మందు కణంలో దేన్ని పట్టుకుంటుందో ఆ ప్రొటీన్ పూర్తి వరుస మాత్రం 1985 దాకా తెలియలేదు. కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో రోనాల్డ్ ఇవాన్స్ బృందం ఆ జన్యువును చదివింది. 777 అమైనో ఆమ్లాల ప్రొటీన్, పేరు గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టార్.

జన్యువు దొరికింది సరే, ప్రొటీన్ కావాలిగా! హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా ప్రొటీన్‌ను ఈస్ట్ చేసిపెట్టింది. కానీ ఈ రిసెప్టార్‌కు గారాబం ఎక్కువ. హార్మోన్ వచ్చేదాకా హెచ్‌ఎస్‌పీ-90 వంటి తోడు ప్రొటీన్లు పట్టుకుని ఉండకపోతే సవ్యంగా నిలబడదు, ముద్ద కడుతుంది. మనిషి కణానికి దగ్గరగా పనిచేసే ఆ తోడు ప్రొటీన్లు పురుగు కణంలో ఉన్నాయి. 1990లో శ్రీనివాసన్, థాంప్సన్ అనే ఇద్దరు పరిశోధకులు పూర్తి నిడివి రిసెప్టార్‌ను కత్తెర పురుగు కణాల్లోనే పెద్ద మొత్తంలో చేయించారు. హార్మోన్ అతుక్కునే ముక్కను స్ఫటికంగా చూడటానికి మరో పన్నెండేళ్లు పట్టింది. 2002లో గ్లాక్సో శాస్త్రవేత్తలు 602వ స్థానంలో ఫినైల్ అలనిన్ తీసి సెరిన్ పెడితే గానీ అది నీళ్లలో కరగలేదు. ఆ స్ఫటికంలో రిసెప్టార్ కౌగిట్లో ఉన్నది డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్. 2020లో వెంటిలేటర్ మీదున్న కొవిడ్ రోగుల్లో మరణాలను మూడో వంతు తగ్గించిందని ఆక్స్‌ఫర్డ్ పరీక్ష తేల్చిన మందు అదే.

ఇప్పుడు ఈ రిసెప్టార్‌ను చిన్న చిన్న సీసాల్లో, మైక్రోగ్రాముల లెక్కన ల్యాబులకు అమ్ముతున్నారు. మెరిసే రంగు అంటించిన డెక్సామెథసోన్‌ను ముందు దానికి తగిలించి, తర్వాత కొత్త మందును కలుపుతారు. రంగుది ఎంత ఊడి బయటికొస్తే, కొత్తది అంత గట్టిగా పట్టినట్టు. వాపు తగ్గించాలి, షుగర్ పెంచకూడదు, ఎముక గుల్ల చేయకూడదు. అలాంటి స్టిరాయిడ్ కోసం కంపెనీల వేట ఇంకా సాగుతోంది.