హృదయపూర్వకారాధన

క్రైస్తవ జీవితమున ఆరాధన యనఁగా, భక్తుఁడు దేవుని కృపను స్మరించి తన సర్వస్వమును ఆయనకు సమర్పించుకొను అంతరంగ వ్యాపారము. ఆరాధనాస్థలమును గూర్చిన వివాదమును సమరయ స్త్రీ ప్రస్తావింపఁగా, యేసు కొండను, పట్టణమును అటుంచి, ఆత్మసత్యములనే ప్రధానముగాఁ బోధించెనని యోహాను సువార్త నాలుగవ అధ్యాయము తెలుపుచున్నది.

తెలుగునాట ఆరాధన సంగతి చూడఁగా, దండు పట్టణమైన సికింద్రాబాదులో సెయింట్ జాన్స్ దేవాలయము 1813లో ఆంగ్ల సైనికుల ఆరాధనకై వెలసినది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున బాప్టిస్టు, వెస్లియన్ మిషనుల పరిచర్యవలన తెలుగు సంఘము లేర్పడి, పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారి కీర్తనలను తమ ప్రాణస్వరముగఁ జేసికొనినవి. అక్షరము నేర్వని వృద్ధురాలు సైతము కొంగు తలపైఁ గప్పుకొని, పల్లవి మొదలు కడపటి చరణము వఱకు పుస్తకము లేకయే పాడును. అట్టి గానమునకు మించిన ప్రసంగము అరుదు. వంటకుఁ గొలిచిన బియ్యమునుండి ప్రతిదినము పిడికెడు తీసి వేఱుగ నుంచి, ఆదివారము కానుకగాఁ దెచ్చు ఆచారము తెలుగు సంఘములం దనేకములఁ గలదు; ఆరాధన గుడి వాకిటఁ గాక పొయ్యికడనే యారంభమగుట కిది నిదర్శనము.

1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘపు ఆరాధనక్రమమున, సంస్కారభోజనమునకు ముందు విశ్వాసులు చేతులు కలిపి యొండొరులకు సమాధానము నందింతురు. సోదరునితో సమాధానపడిన పిదపనే కానుక నర్పింపవలయునను సువార్తోపదేశమే దీనికి మూలము.