ముద్దుపేరుకి తోక అవసరమా?

కాకినాడలో 1936లో పుట్టిన ఆ పిల్లవాడికి పెద్దలు పెట్టిన పేరు హనుమాన్లు. ఇంటిల్లిపాదికీ మాత్రం చిట్టిబాబు. పిలుపు ఎంతగా అతుక్కుపోయిందంటే, తండ్రి చల్లపల్లి రంగారావుగారు చివరికి అసలు పేరునే పక్కనపెట్టి చిట్టిబాబునే ఖాయం చేశారు. పన్నెండేళ్లకే కచేరీ ఇచ్చి, ఈమని శంకరశాస్త్రి శిష్యుడై, వీణ పేరు చెబితే ముందు ఆయనే గుర్తొచ్చేంత పెద్దవాడయ్యాక, ఆ పేరులో చిన్నతనం ఉందని ఎవరికైనా తోచిందా? కచేరీ కరపత్రం మీద ఆ ముద్దుపేరు చూసి నవ్వుకున్నవాళ్లు ఉన్నా, తీగ మీటగానే సర్దుకుని ఉంటారు.

ఇప్పుడీ ఊసు ఎందుకంటే, పాత ముద్దుపేర్ల మీదికి మళ్లీ గాలి మళ్లింది. పుట్టబోయేది ఆడపిల్లో మగపిల్లాడో తెలియకముందే చిట్టి అనో బుచ్చి అనో అనుకుని, పుట్టాక అదే కాగితం మీదా రాయిద్దామా అని ఊగిసలాడే జంటలు కనిపిస్తున్నాయి. పెద్దవాళ్ల సణుగుడు రెండు రకాలు. ఒకటి, పాతకాలపు పేరు. రెండు, అది ఆడో మగో తెలియదు.

రెండోదాన్నే ముందు చూద్దాం, అసలు కథంతా అందులోనే ఉంది. మనవడికి తాత పేరు, మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీ. కోడలు మామగారి పేరు, అత్తగారి పేరు నోట పలకకూడదన్నది మరో ఆనవాయితీ. ఈ రెండూ ఒకే కప్పు కింద ఎదురుపడితే పిల్లవాడిని అన్నానికి పిలవడమెలా? ‘ఒరే వెంకట్రామయ్యా, అల్లరి మానకపోతే వీపు చీరేస్తా’ అని వరండాలో పేపరు చదువుకుంటున్న వెంకట్రామయ్యగారికి వినిపించేలా కోడలు కేకెయ్యగలదా? ఆ ఇరకాటంలో ఆదుకున్నవి చిట్టి, బుజ్జి, బుల్లి, బుచ్చి, చిన్ని. తిట్టడానికీ ముద్దాడడానికీ పనికొచ్చే పిలుపులు. తిట్టు పెద్దల మీదికి పోకుండా అడ్డం పడేవి. అలాంటి పిలుపుకి లింగంతో ఏం పని?

ఇంటి పిలుపు వేరు, పెట్టిన పేరు వేరు అన్నది శాస్త్రానికీ కొత్త కాదు. ఉపనయనం దాకా తల్లిదండ్రులకే తెలిసే ఇంకో పేరు ఉండాలని ఆశ్వలాయన గృహ్యసూత్రం చెబుతుంది. మగపిల్లల పేర్లకు సరి అక్షరాలు, ఆడపిల్లల పేర్లకు బేసి అక్షరాలు అన్న లెక్కా గృహ్యసూత్రాలదే. ఆ లెక్కన రెండక్షరాల చిట్టి మగపేరు కావాలి! ఏ అమ్మమ్మా ఆ లెక్క చూసి పిలవలేదు.

దిష్టి భయం ఇంకో దారి చూపించింది. వరసగా బిడ్డలు పోయిన ఇంట పుట్టినవాళ్లను పెంటకుప్ప మీద ఓసారి పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య, పెంటమ్మ అనేవారు. ఎంగిలి విస్తట్లో దొర్లించి పుల్లయ్య, పుల్లమ్మ అనేవారు. మొక్కులు దర్గాల దాకా వెళ్లిన ఊళ్లలో హిందువుల ఇళ్లలోనే మస్తానయ్యలు, మస్తానమ్మలు పుట్టారు. మరణానికి ఆడా మగా తేడా లేనప్పుడు దాన్ని ఏమార్చే పేరుకు మాత్రం ఎందుకుంటుంది?

ఈ పేర్లన్నిటికీ మొదటి సగం ఒక్కటే. ఎవరన్నది చెప్పేది తోక. అయ్య, అమ్మ, బాబు, రాణి, వాటి పని అంతవరకే. 1972లో వచ్చిన ఓ సినిమా పేరు ‘బుల్లెమ్మ బుల్లోడు’. ఒకే మాటని రెండు వైపులకీ పంచిపెట్టేసింది. గురజాడ ‘కన్యాశుల్కం’లో అగ్రహారపు బాలవితంతువు బుచ్చమ్మ, ‘చివరకు మిగిలేది’ రాసిన శివరాజు వెంకట సుబ్బారావు లోకానికి బుచ్చిబాబు, ‘ఉప్పెన’ తీసిన సానా కూడా బుచ్చిబాబే. 1968 నుంచి 1974 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్న పెద్దమనిషి లంకపల్లి బుల్లయ్య. విశాఖలో ఆయన పేరున్న కాలేజీలో చదివినవాళ్లెవరూ ఆ పేరు విని గోరుముద్దలు గుర్తుతెచ్చుకోరు.

ముద్దుపేరు రికార్డుల్లోకి ఎక్కడానికి చాలాసార్లు బడే కారణం. నామకరణం నాడు పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాసిన పేరు ఇంట్లోనే ఉండిపోయేది. బడిలో వేయడానికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిన మేనమామకు తెలిసింది ఇంటి పిలుపే. పంతులుగారు అదే రిజిస్టరులో ఎక్కించేవారు. పుట్టినరోజు తెలియదంటే తనకి తోచిన తేదీ వేసేవారు. పదో తరగతి సర్టిఫికెట్ మీదికి అదే ఎక్కాక ఇక దిగేది కాదు.

ఇప్పుడు కొత్తగా వచ్చింది తోక తీసేయడం. ఉత్త చిట్టి, ఉత్త బుచ్చి. దానికి ధైర్యం సినిమా ఇచ్చిందని నా అనుమానం. 2010లో ‘రోబో’లో శాస్త్రవేత్త తల్లి మరమనిషికి పెట్టిన పేరు చిట్టి. ‘రంగస్థలం’లో చిట్టిబాబు కథానాయకుడైతే, ‘జాతిరత్నాలు’లో చిట్టి కథానాయిక. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ కారుకి బుజ్జి అని పేరు పెట్టి కీర్తి సురేశ్ గొంతు ఇచ్చారు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల తర్వాతి యంత్రానికి పాతదనిపించని పేరు ఈ ఏడాది పుట్టిన పిల్లకి పాతదవుతుందా? పాతకాలపుదన్న మొదటి సణుగుడుకి నా జవాబు ఇదే.

అలాగని అన్ని ముద్దుపేర్లనీ ఒకే గాటన కట్టను. చిట్టి, బుచ్చి, బుల్లి పెద్దల పక్కన నిలబడి చూపించాయి. చంటి మాత్రం పాలు తాగే వయసుని దాటి రాదు; 1992లో వెంకటేశ్ ‘చంటి’ అయింది ఎదిగినా లోకం తెలియని అమాయకుడిగానే. పండు, లడ్డూ ఇంట్లో ఉంటేనే రుచి. మరీ బలవంతంగా ఆఫీసు తలుపు మీదికి ఎక్కిస్తే, ఆ పిల్ల పెద్దదయ్యాక మనల్ని క్షమించదు.

కాగితం చిక్కు మాత్రం నిజమైనది. గల్ఫ్‌కి వెళ్లే మనవాళ్లకి ఇది అనుభవమే: పాస్‌పోర్టులో ఒంటి పేరే ఉంటే సందర్శక వీసా మీద రానివ్వమని 2022 నవంబరులో యూఏఈ చెప్పింది. కాబట్టి చిట్టి అని పెట్టేవాళ్లు ఇంటిపేరు గడిని ఖాళీగా వదలకూడదు. తోక వద్దనుకున్నా తల తప్పదు. ఇంకోటి, 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, ఆ రోజున గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకీ చోటుకీ రుజువు జనన ధ్రువపత్రమే. పంతులుగారు చేసే పని ఇప్పుడు పురపాలక కార్యాలయమో పంచాయతీయో చేస్తుందన్నమాట. మేనమామ నోరు జారే వీలు పోయింది.

అమెరికాలో కాన్పయితే పేరు తేల్చి రాసిచ్చాకే సాధారణంగా ఇంటిదారి పడతారు. ఇక్కడ ఆ తొందర లేదు. పేరు లేకుండానే జననం నమోదు చేయించవచ్చు. ఏడాదిలోగా పేరు చేర్పిస్తే రుసుము ఉండదు. ఆ తర్వాత ఆలస్య రుసుము కట్టి పదిహేనేళ్ల దాకా చేర్పించుకోవచ్చు. అత్తగారి పక్షం, అమ్మగారి పక్షం రాజీకి రావడానికి అంత గడువు సరిపోవాలి.