రొట్టెల పండుగ: గుడ్డ మూట నుంచి కవరు దాకా

ప్రత్యేక సంచికకు మన ఊరి చరిత్ర మీద నాలుగు మాటలు వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. నెల్లూరు చరిత్ర అనగానే పెద్దలు మనుమసిద్ధితోనో తిక్కనతోనో మొదలుపెడతారు. నేను రొట్టెతో మొదలుపెడుతున్నాను.

స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా ఉన్నది. బారా అంటే పన్నెండు. యుద్ధంలో ప్రాణాలర్పించిన 12 మంది వీరుల సమాధులవి. ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు చేస్తే ఈ సమాధుల వద్ద మట్టితో నయమైందనీ, మ్రొక్కు తీర్చుకోవడానికి వచ్చిన నవాబు దంపతులు తమ రొట్టెలను అక్కడివారికి పంచారనీ జనం చెప్పుకునే కథ. మొహర్రం మాసంలో హిందువులు, ముస్లిములు కలిసి చెరువు నీటిలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. విద్య రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె అని కోరికను బట్టి పేరు. ఉద్యోగ రొట్టె సంగతి మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. ప్రమోషన్ల జాబితా ఆలస్యమైన సంవత్సరం దానికి గిరాకీ ఎక్కువ! 2015లో ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

ఏ తిరునాళ్లకు వెళ్లినా గాజులో, బొమ్మో గుర్తుగా తెచ్చుకుంటాము. ఇక్కడ అసలు గుర్తు రొట్టె. దానిని దాచుకోరు, తినేస్తారు. మిగిలేది బాకీ మాత్రమే. కోరిక తీరినవారు మరుసటి యేడు రొట్టెలు చేసుకొని వచ్చి మరొకరి చేతిలో పెట్టాలి. మా అమ్మాయి పెండ్లి కోసం మా ఇంటావిడ వివాహ రొట్టె పట్టింది. దానిని నా పాత పంచె ముక్కలో కట్టి తెచ్చి, ఆ గుడ్డను ఉతికి పెట్టెలో పెట్టింది. సంబంధం కుదిరిన తరువాతి యేడు రొట్టెలు అదే గుడ్డలో చెరువుకు వెళ్లాయి. బాకీ గుర్తుచేయడానికి ఆ గుడ్డే మా ఇంట్లో రిజిస్టరు.

చాంద్రమానం కనుక ఈ పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఒక చుట్టు తిరగడానికి దాదాపు 33 సంవత్సరాలు, అంటే మన నిండు పెన్షన్ సర్వీసు ఎంతో అంత. ఆ ఒక్క చుట్టులోనే గుడ్డ మూట పోయి ప్లాస్టిక్ కవరు వచ్చింది. మనం చేతిలో పట్టుకునే ఆకారంలో ఈ సంచిని స్వీడన్ దేశపు ఇంజనీరు థూలిన్ రూపొందించగా 1965లో పేటెంటు లభించింది. మన అంగళ్లలో ఉచితంగా ఇవ్వడం మొదలయ్యాక ఇంటి నుంచి సంచి తెచ్చేవారు తగ్గిపోయారు. వేడి రొట్టెను కవరులో పెడితే ఆవిరి పోయే దారి లేక చెమర్చి సాగుతుంది. గుడ్డ ఆ చెమ్మను పీల్చుకుంటుంది. రొట్టె తిన్నాక గుడ్డ ఇంటికి వస్తుంది. కవరు మాత్రం చెరువులోనో గట్టు మీదో ఉండిపోతుంది.

ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు. 1999 నియమాలు సంచి మందం 20 మైక్రాన్లకు తగ్గరాదన్నాయి. తిరిగి కరిగించిన ప్లాస్టిక్ సంచులలో తినుబండారాలు కట్టరాదనీ అప్పుడే చెప్పాయి. 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు అయింది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. పలుచని సంచిని చిత్తు ఏరుకునేవారు ముట్టరు, దానికి వెల రాదు. మందపు సంచి ఖరీదు గనుక ఊరకే ఇవ్వరు, పారవేసినా ఏరుకుంటారు. ఈ మైక్రాన్ల లెక్కకు అర్థం అదే. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు కూడా నిషేధం.

తిరుమలలో లడ్డూ ప్రసాదానికీ ఇదే చిక్కు. అక్కడ ప్లాస్టిక్ కవర్లు మానిపించి, 2021లో డి.ఆర్.డి.ఓ. తయారుచేసిన, మట్టిలో కలిసిపోయే సంచులకు కౌంటరు తెరిచారు. లడ్డూలు ఇచ్చే చోటు ఒకటే గనుక అక్కడ అది సాధ్యం. చెరువులో ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ లక్షలమంది. కౌంటరు ఎక్కడ పెట్టగలం? ఇక్కడ రొట్టె బయలుదేరేది ఇంటి నుంచి. కనుక ప్లాస్టిక్‌ను ఆపవలసినదీ ఇంటి గడప దగ్గరే. జి.వో.లు, మెమోలు ఎన్ని వచ్చినా వంటింటి పని వంటింట్లోనే కావాలి.

అందుచేత నా మనవి. వచ్చే పండుగకు మీ కోడళ్లు, మనుమలు బయలుదేరేటప్పుడు రొట్టెలకు శుభ్రమైన గుడ్డ, మంచినీళ్లకు సీసా ఇంటి నుంచే ఇచ్చి పంపండి. పాత పంచెలు, చీరలు ఉన్నవారు సంచులు కుట్టించి సంఘానికి ఇస్తే, సంఘం పేరు వేసి గట్టు మీద పంచవచ్చును. ఇంటికి తెచ్చుకోదగిన జ్ఞాపిక అదే అవుతుంది. రొట్టె బాకీ ఏడాదిలో తీరుతుంది. నీటిలో వదిలిన కవరు బాకీ మాత్రం మన మనుమల పద్దులో పడుతుంది.