గుండెదడయు దిగులును

నేనీ ప్రసంగమునకు ఎంచుకొన్న విషయము వినుటకు చిన్నదిగా తోచవచ్చును. ఏ జబ్బును లేని మనుష్యునకు ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకొనును, ఊపిరి యాడదు, చేతులు వణకును, చెమటలు పట్టును, ఇదే ఆఖరు గడియ యని తోచును. కొంతసేపటికి అంతయు సర్దుకొనును. చూచినవారు గాబరా యని నవ్వుదురు. అనుభవించినవానికి అది నవ్వులాట కాదు. ఈ గాబరాకును, నెలల తరబడి మనిషిని మూల కూర్చుండబెట్టు దిగులునకును గల చుట్టరికమును తెలిసికొనుటకు వైద్యులకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రనే నేడు మీకు మనవి చేయదలచితిని.

దీనియందు నాకు ఆసక్తి కలుగుటకు మా మేనమామగారు కారణము. ఆయన గ్రామకరణము. 1974లో ఒకనాటి నడిరేయి దిగ్గున లేచి కూర్చుండి, గుండె ఆగిపోవుచున్నదని కేకవేసిరి. బండి కట్టించి పట్టణమునకు తీసికొనిపోయితిమి. డాక్టరుగారు నాడి చూచి, రొమ్మున గొట్టము పెట్టి విని, గుండెలో దోషము లేదని చీటి వ్రాసియిచ్చిరి. ఆ నెలలో మరి రెండుమారులు అట్లే జరిగెను. మూడవమారు బండి కట్టుటకు పాలేరు సైతము తొందరపడలేదు.

డాక్టరుగారి మాట అబద్ధము కాదు. అట్టి మాటయే అంతకు నూరేండ్లకు పూర్వము అమెరికాలో వినవచ్చెను. 1861 మొదలు 1865 వరకు అచ్చట ఉత్తర దక్షిణ రాష్ట్రములకు ఘోరయుద్ధము జరిగెను. ఫిలడెల్ఫియా నగరపు సైనిక వైద్యశాలలో జేకబ్ మెండిస్ డకాస్టా యను వైద్యుడుండెను. గుండెదడ, రొమ్ముపోటు, ఆయాసము, తలతిరుగుడు అని మొరపెట్టుకొను సిపాయిలను మూడువందలకు మించి ఆయన పరీక్షించి, 1871లో ఒక వ్యాసము ప్రకటించెను. వారిలో పెక్కుమంది గుండె చెడియుండలేదు. ‘చిరచిరలాడు గుండె’ యని ఆ వ్యాధికి ఆయన పెట్టిన పేరునకు అర్థము. గుండె పనితీరులోనే లోపమున్నదని తలచి విశ్రాంతియు, డిజిటాలిసు మొదలగు మందులును ఇచ్చెను. యుద్ధమునుండి తప్పించుకొనుటకు వేసిన వేషమని త్రోసివేయక, ఆ కష్టమును నిజమని నమ్మి వ్రాసిపెట్టినందుకు ఆయనను మెచ్చుకొనవలెను. మనస్సువంకకు మాత్రము ఆయన చూపు పోలేదు.

మనస్సువంక చూచినవారు పూర్వము లేకపోలేదు. భయమును దుఃఖమును చిరకాలము వీడకున్నచో అది విషాదరోగమని గ్రీకు వైద్యుడగు హిపోక్రటీసు పేర నున్న సూత్రములలో రెండువేల యేండ్లకు మునుపే కలదు. గీత చదివినవారికి ఇది వింత కాదు. అర్జునుని దేహము వణకుటయు, నోరెండుటయు, విల్లు జారుటయు మొదటి అధ్యాయముననే యున్నవి. ఆ అధ్యాయమునకు పేరు విషాదయోగము.

1895లో వియన్నాలో ఫ్రాయిడు, నరముల బలహీనత యను పేరుతో ఒకే గంపలో పడియున్న బాధలలోనుండి ఈ భీతిరోగమును వేరుచేసి, దాని లక్షణములను వర్ణించెను. వర్ణన నిలిచినది, ఆయన చెప్పిన కారణము నిలువలేదు. 1915లో హార్వర్డు ఆచార్యుడు వాల్టరు కానన్ దేహములో జరుగుదానిని విప్పిచెప్పెను. గట్టుమీద నడచుచుండగా కాలికడ్డముగా పాము వచ్చినదనుకొనుడు. మూత్రపిండములపై నున్న చిన్న గ్రంథులనుండి ఎడ్రినలిన్ నెత్తురులో కలియును. గుండె వేగముగా కొట్టుకొని కాళ్లకు చేతులకు నెత్తురు పంపును. పారిపోవుటకో, కఱ్ఱ యెత్తుటకో ఈ యేర్పాటు. గాబరా వచ్చినవానికి ఇంచుమించుగా ఇదంతయు జరుగును, పాము మాత్రముండదు. డకాస్టా వర్ణించిన వ్యాధికి మూలము భయమే యని ఇంగ్లండులో పాల్ వుడ్ అను గుండె వైద్యుడు వాదించునప్పటికి 1941 వచ్చినది.

ఇక దిగులు సంగతి. స్విట్జర్లండులో మున్‌స్టర్‌లింగెన్ గ్రామపు వైద్యశాలలో రోలాండ్ కూన్ అను వైద్యుడు ఇమిప్రమీను అను మందును మొదట వేరొక మనోవ్యాధికి వాడి చూచెను. అందుకు అది పనికిరాలేదు. దిగులుతో కుంగినవారికి ఇవ్వగా వారు కోలుకొనిరి. 1957లో ఆయన దీనిని ప్రకటించెను. కొలది యేండ్లకు న్యూయార్కులోని హిల్‌సైడు వైద్యశాలలో డోనాల్డ్ క్లైన్ అను వైద్యుడు ఆ మందునే భయరోగులకు ఇచ్చెను. కొన్ని వారములైనను గుణము లేదని రోగియు, వైద్యులును అనిరట. మేలు గమనించినవారు వార్డులోని పరిచారకులు. ఆ రోగి దినమునకు మూడు నాలుగు మారులు చచ్చిపోవుచున్నానని వారియొద్దకు పరుగెత్తుకొని వచ్చెడివాడు. ఆ పరుగు మానినాడు. నాకు ఈ చరిత్రలో మిక్కిలి నచ్చిన ఘట్టమిది. తాకిడి పోయినను, మరల వచ్చునేమో యను జంకు అతనిని వీడలేదు. కావుననే గుణము లేదనుకొనెను. ఈ రెండును వేరువేరని క్లైన్ 1962, 1964 సంవత్సరములలో ప్రకటించెను. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము ఈ రోగమునకు తమ గ్రంథమున ప్రత్యేక స్థానమిచ్చెను.

దిగులుకు వచ్చిన మందు భయమునకు పనిచేసినది గనుక రెండును ఒకటే యనరాదు. ఒకే గొడ్డలి రెండు చెట్లను నరికినంతమాత్రమున అవి యొకజాతి కావు. కాని వేళ్లు కలిసియున్నవి. 1994లో అదే సంఘము ప్రకటించిన గ్రంథము ప్రకారము, రెండును గలవారిలో మూడింట ఒకవంతుమందికి దిగులు ముందు వచ్చును. తక్కిన రెండువంతులవారికి భయముతో కూడనో, దాని తరువాతనో వచ్చును. రెండును కలిసినచోట ప్రాణము తీసికొను తలంపు రాగల ప్రమాదము హెచ్చు. అట్టివానిని ఒంటరిగా విడువరాదు.

మా మేనమామగారు ఆ రెండువంతులలోనివారు. దారిలో గుండె ఆగునేమో యని తాలూకా కచ్చేరికి పోవుట మానిరి. పిమ్మట సంతకు, పిమ్మట పెండ్లిండ్లకు. ఏడాది తిరుగునప్పటికి అరుగుపైకి వచ్చుటయు మానిరి. అన్నము సయింపదు, తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ. ఊరివారు సోమరితనమనిరి. నేనును అంటిని.

ఇప్పుడు రెంటికిని మందులున్నవి. 1986లో ఆక్స్‌ఫర్డులో డేవిడ్ క్లార్క్ అను పండితుడు మరియొకటి చూపెను: దడను చావని తలచుటచే భయము పెరుగును, భయముచే దడ పెరుగును. ఆ చక్రమును మాటలతో, అభ్యాసముతో ఆపు చికిత్స నేడు పెక్కుచోట్ల కలదు. ఒక హెచ్చరిక చేయకతప్పదు. నిజమైన గుండెపోటును ఇట్లే మొదలుకావచ్చును. రొమ్ముపోటు వచ్చినప్పుడు గాబరా యని ఇంట కూర్చుండక వైద్యునియొద్దకు పోవలసినదే. గుండె బాగున్నదని తేలిన తరువాతనే ఈ మాటలన్నియు.

ఆ రాత్రులలో మా అత్తగారు ఆయన చేయి పట్టుకొని, దడ తగ్గువరకు ప్రక్కనే కూర్చుండెడివారు. మేము నవ్వినను ఆమె లేవలేదు. 1974 నాటికి ఇమిప్రమీను గుణము ప్రకటితమై పదునేడేండ్లు; క్లైన్ మాట అచ్చుపడి పండ్రెండేండ్లు. అవి మా ఊరికి రాలేదు. పట్టణపు డాక్టరుగారి చీటి ఇంకను మా పెట్టెలో నున్నది. గుండెలో దోషము లేదని దానిపై ఒకే పంక్తి కలదు. క్రింద కాగితమంతయు ఖాళీ.