ఢిల్లీ – హైదరాబాదు: గాలి దారి, నేల దారి

ఢిల్లీకి నైరుతిగా, రింగు రోడ్డూ జైపూర్ వైపు సాగే జాతీయ రహదారీ కలిసే చోట ఉన్న ధౌలా కువాన్‌కు మొఘల్ చక్రవర్తి రెండవ షా ఆలం కాలం నాటిదని చెప్పే ఒక బావి వల్ల ఆ పేరు వచ్చినా, ప్రయాణికుల విమానాలు 1962లో సఫ్దర్‌జంగ్ నుంచి పాలానికి మారినప్పటి నుంచి అది ప్రధానంగా విమానాశ్రయానికి పోయే దారిలోని కూడలి. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల కూడా అక్కడే ఉండడంతో రాజధానిలో తెలుగువారికి బాగా పరిచయమైన చోట్లలో అదొకటి అయింది.

ఆ కూడలి మీదుగా చేరే ఢిల్లీ విమానాశ్రయానికీ హైదరాబాదు విమానాశ్రయానికీ మధ్య దూరం సుమారు 1,260 కిలోమీటర్లు. ఇది భూగోళపు వంపు వెంట రెండు చోట్లను కలిపే అతి పొట్టి దారి, అంటే మహావృత్త మార్గం పొడవు మాత్రమే. రైలు దారి 1,660 కిలోమీటర్లు దాటుతుంది. రెండు నగరాలూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నందువల్ల పడమటి నుంచి వీచే పైగాలులు విమానాన్ని ఎదురుగానో వెనుక నుంచో కాక పక్క నుంచి తాకుతాయి కాబట్టి, ఢిల్లీ – లండన్ దారిలో మాదిరిగా పోకకూ రాకకూ మధ్య పెద్ద తేడా ఇక్కడ కనిపించదు.

కాజీపేట – బల్హార్షా మార్గం 1920ల చివర పూర్తయ్యాకే తెలుగు నేల నుంచి ఉత్తరాదికి సూటి రైలు దారి ఏర్పడింది. 1929లో పెషావర్ నుంచి మంగళూరుకు మొదలైన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొత్తం ప్రయాణానికి 104 గంటలు తీసుకునేది. 1976లో వచ్చి, 2014లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌గా పేరు మారిన ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ హైదరాబాదు – ఢిల్లీ ప్రయాణాన్ని ఇంచుమించు ఒక పగలూ ఒక రాత్రీకి కుదించింది.

నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ హైదరాబాదులోని బేగంపేట నుంచి నడిపిన డకోటా విమానాలు గంటకు 300 కిలోమీటర్ల లోపు వేగంతోనే పోయేవి కాబట్టి, ఎక్కడా దిగకుండా ఎగిరినా ఈ దూరానికి నాలుగు గంటలు దాటుతుంది. లోపలి గాలి పీడనాన్ని నిలిపే ఏర్పాటు లేనందున అవి తక్కువ ఎత్తులోనే ఎగరవలసి వచ్చేది. వేసవి మధ్యాహ్నపు కుదుపులు ప్రయాణికులకు ఎంత పరీక్షో ఊహించవచ్చు. 1953 జాతీయీకరణతో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోగా, ఆ సంస్థ 1957లో పీడనం నిలుపుకునే వైకౌంట్లనూ 1964లో కారవెల్ జెట్లనూ తెచ్చింది. గంటకు 800 కిలోమీటర్ల స్థాయికి చేరిన ఆ వేగం ఆ తరువాత చెప్పుకోదగినంత పెరగలేదు.

కాలపట్టికలో నేడు కనిపించే రెండుంబావు గంటలు పూర్తిగా గాలిలో గడిచేవి కావు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలి, రన్‌వే వరకు నడిచి, ఎగిరి, దిగి, మళ్ళీ నిలిచే వరకు లెక్కించే ఈ కాలాన్ని బ్లాక్ సమయం అంటారు, రద్దీ పెరిగితే అదీ పెరుగుతుంది. కనుక ఆరు దశాబ్దాలుగా ఈ ప్రయాణంలో అసలు మార్పు నేల మీదే జరిగిందనాలి, అదీ ఎప్పుడూ ప్రయాణికుడికి లాభంగా కాదు. 2008లో విమానాలు ఊరి నడుమ ఉన్న బేగంపేటను విడిచి శంషాబాదుకు తరలడంతో హైదరాబాదు వైపు రోడ్డు ప్రయాణం పెరిగింది. ఢిల్లీ వైపు మాత్రం 2011లో ప్రారంభమైన ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ధౌలా కువాన్ స్టేషన్ మీదుగా సాగి ఆ భారాన్ని తగ్గించింది. ఆ స్టేషన్‌కు చేరువలోని మెట్రో పింక్ లైన్ స్టేషన్‌కు రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. కిలోమీటరుకు పైగా పొడవున్న నడక వంతెన 2019 నుంచి ఆ రెండు స్టేషన్లనూ కలుపుతోంది.