కడుపుతో ఉన్న ఆమె కల్లు మానాలంటే ఎక్కడికి పోవాలి?

సారా చరిత్రను మన దగ్గర ఎవరు చెప్పినా ఒకే తీరుగా చెప్తారు. మగవాళ్లు తాగారు, ఆడవాళ్లు కొట్లాడారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట, రోశమ్మ, అక్షరాస్యత వాచకంలోని పాఠం. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత. ఇదంతా నిజమే, గొప్ప చరిత్రే. కానీ ఇందులో ఒక మనిషి లేదు. తాగే ఆడమనిషి.

తెలంగాణలో ఆమె ఎప్పుడూ ఉంది. పుట్టుకకు కల్లు, చావుకు కల్లు, బోనాలకు సాక. నాట్లేసి వచ్చిన ఒంటి నొప్పులకు కల్లు. బాలింతకు బలమని, పాలు పడతాయని కల్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 6.7 శాతం మంది మద్యం తాగుతామని చెప్పారు. దేశం మొత్తం మీద అది 1.3 శాతమే. ఇక్కడి పల్లెల్లో 9 శాతం. ధైర్యంగా చెప్పినవాళ్లే ఇంతమంది. నేను తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. నేను చదివినంతలో ఈమె నవ్వించడానికో, గయ్యాళిగా తిట్టించుకోవడానికో వస్తుంది తప్ప, ఒక రోగిగా, ఒక తల్లిగా చాలా అరుదుగా కనిపిస్తుంది.

మనవాళ్లు ఈ సంగతి పట్టించుకోలేదని కాదు. ఇసామియా బజార్‌లో మన పిల్లలకు బడి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, ఆ రోజుల్లోనే పెళ్లిళ్లలో, పండుగల్లో తాగుడు మానాలని హైదరాబాద్ వాడవాడలా తిరిగి చెప్పాడు. అది ఆత్మగౌరవం మాట. అయితే ఆయన కాలపు కల్లు వేరు, మన కాలపు కల్లు వేరు.

చెట్టు మీద నుంచి దిగిన కల్లు గురించి కాదు నేను మాట్లాడేది. తాడి చెట్టెక్కి నడుములు విరగ్గొట్టుకుంటున్న గీత కార్మికుడి మీద నాకు ఏ కోపమూ లేదు. చెట్లు తగ్గి, తాగేవాళ్లు పెరిగాక, సీసాలోకి నీళ్లు, శాకరిన్, మత్తుమందు వచ్చాయి. క్లోరల్ హైడ్రేట్, డైజోఫామ్, అల్ప్రాజోలం. క్లోరల్ హైడ్రేట్ 1869 నుంచి యూరప్ డాక్టర్లు నిద్ర కోసం ఇచ్చిన మందు. అది మన కూలీ తల్లి గ్లాసులోకి చీటీ లేకుండా, మోతాదు లేకుండా చేరింది. ఆమె అలవాటు పడింది కల్లుకు కాదు, నిద్రమాత్రలకు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

2004లో నగరంలో కల్లు దుకాణాలు మూసేశారు. 2014లో మళ్లీ తెరిచారు. 2015 సెప్టెంబర్‌లో కల్తీ కల్లు మీద దాడులు మొదలయ్యాయి. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మత్తుమందు ఒక్కసారిగా ఆగిపోయింది. జనం ఫిట్స్‌తో, మెడలు వంకర్లు పోయి, పిచ్చిచూపులతో ఆస్పత్రులకు వచ్చారు. కొందరి ప్రాణాలు పోయాయి. కల్తీని ఆపడం తప్పు కాదు. ముందు మంచాలు, మందులు, డాక్టర్లు సిద్ధం చేయకుండా ఆపడం తప్పు. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు మళ్లీ కల్తీ కల్లు చావులు చూశాం.

ఇప్పుడు ఆ జనంలో మూడో నెల గర్భిణిని ఊహించుకోండి. ఇంట్లో అత్త, బస్తీలో అందరూ ఒకటే మాట: ఇవాళ్టి నుంచి బంద్ చెయ్. ప్రేమతోనే అంటారు. కానీ మత్తుమందు కలిసిన కల్లు రోజూ తాగిన ఒళ్లు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, మతి చెదరొచ్చు. తల్లికి ఫిట్స్ వస్తే బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతుంది. నెలలు నిండుతున్నప్పుడు ఫిట్స్ వస్తే గుర్రపువాతమా, కల్లు మానడం వల్ల వచ్చినవా అని డాక్టర్ తేల్చుకోవాలంటే ఆ కల్లు మాట తెలియాలి. అట్లని తాగుతూ ఉండమనీ కాదు. గర్భంలో ఇంత తాగితే ఫర్వాలేదు అనే కొలత ఏదీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే మార్గం చెప్పింది: మద్యానికి బానిసైన గర్భిణిని ఆస్పత్రిలో ఉంచి మాన్పించాలి, ఇలాంటి నిద్రమందులైతే మోతాదు మెల్లమెల్లగా తగ్గించాలి. ఆమెకు బీ1 విటమిన్, ఫోలిక్ యాసిడ్, ఐరన్, కడుపునిండా తిండి కావాలి. పుట్టిన బిడ్డ మెత్తబడి ఉండొచ్చు, పాలు సరిగా గుంజకపోవచ్చు. కొన్ని రోజులు కనిపెట్టి చూడాలి. ఇది సరిగా చేస్తే తల్లీ బిడ్డా బతికి బట్టకడతారు.

మరి ఆమె ఎక్కడికి పోవాలి? నల్లగొండ వైపు నుంచి సాగర్ రోడ్డు మీదుగా, హైవే మీదుగా వచ్చిన మన కూలీలు దిగేది ఎల్బీనగర్‌లోనే. అక్కడ మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ దాటి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి ప్రసూతి ఆస్పత్రి. అదే రైల్లో ఇంకా పోతే ఎర్రగడ్డ, మానసిక వైద్యశాల. కడుపుకు ఒక స్టేషన్, మత్తుకు ఇంకో స్టేషన్. మనిషి మాత్రం ఒక్కతే. ఎర్రగడ్డ అంటేనే పిచ్చాసుపత్రి అని బస్తీలో నోళ్లు లేస్తాయి. ఒక రోజు కూలి పోతుంది. అందుకని ఆమె కోఠిలో కల్లు మాట దాస్తుంది, ఎర్రగడ్డకు అసలు పోదు.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ గుర్తుందా? 2021లో దాన్ని బాటసింగారం పంపారు. హమాలీల, గంపలెత్తే ఆడవాళ్ల చెమట ఇంకిన ఆ జాగాలో 2022 ఏప్రిల్‌లో వెయ్యి పడకల టిమ్స్‌కు శంకుస్థాపన చేశారు. ఆ వెయ్యిలో పది పడకలు అడుగుతున్నాను. ప్రసూతి డాక్టర్, మానసిక వైద్యుడు, పిల్లల డాక్టర్ ఒకే చోట ఉండి, కల్లు మానాలనుకునే గర్భిణిని తిట్టకుండా చూసే పది పడకలు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తు అలవాటును కూడా వైద్యం అందాల్సిన జబ్బుల్లో చేర్చింది. కాబట్టి ఇది దయ కాదు, హక్కు.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ బాబాసాహెబ్ ఇదే వాదించారు. కాన్పుకు ముందూ తర్వాతా కూలీ తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశ ప్రయోజనమనీ, ఆ ఖర్చు చాలావరకు ప్రభుత్వమే మోయాలనీ అన్నారు. ఆ తల్లి తాగుతుందా లేదా అని షరతు పెట్టలేదు.

అక్కలారా, మీ బస్తీలో ఇట్లాంటి చెల్లె ఉంటే ఇంట్లో పెట్టి కల్లు బంద్ చేయించకండి. తోడు తీసుకుని ఇవాళే ఆస్పత్రికి పోండి, ఎన్నాళ్లుగా తాగుతుందో, రోజుకు ఎన్ని సీసాలో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. టిమ్స్ పడకల మీద వినతిపత్రం రాస్తున్నాను. సంతకం పెట్టేవాళ్లు కామెంట్లో చెప్పండి.

జై భీమ్.