పల్నాటి ఇళ్లలో చల్లదనం: మిద్దె దోనె నుంచి ఏసీ పైపు దాకా

పల్నాడు మండే ఎండల సీమ. పడమట నల్లమల కొండలు, ఉత్తరాన కృష్ణానది, మధ్యలో నేలంతా సున్నపురాతి పలకలు. మాచర్లకూ గురజాలకూ నడుమ ఉన్న రెంటచింతలలో వాతావరణ శాఖ పరిశీలన కేంద్రం ఉంది. వేసవి వచ్చిందంటే రాష్ట్రంలో బాగా ఎండ కాసిన ఊళ్ల వరసలో దాని పేరు పత్రికల్లో కనిపిస్తుంది. పాదరసం 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. శ్రీనాథుడి పేరుతో ప్రచారంలో ఉన్న చాటువులు కూడా ఈ సీమ రాళ్లనూ నీటి ఎద్దడినీ చెప్పుకున్నాయి. ఇలాంటి చోట ఇల్లు చల్లగా ఉండటం ప్రాణావసరం. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు.

చల్లదనం కోసం పల్నాటివాళ్లు పట్టిన ప్రతి పద్ధతిలోనూ నీటికి ఒక దారి ఉంది, ఆ దారిని ఏటేటా బాగుచేసుకునే పని ఉంది. మట్టిమిద్దె మీద వాననీటి దోనె, గుమ్మానికి కట్టిన తడిక, కిటికీ దగ్గర కూలర్ తొట్టి అన్నీ కంటికెదురుగా ఉండేవి. ఏసీ వచ్చాక నీటి దారి ప్లాస్టిక్ తొడుగు వెనక్కీ గోడ లోపలికీ వెళ్లిపోయింది. కనిపించని దాన్ని పట్టించుకునేవారు తగ్గారు. డ్రెయిన్ పూడిపోవడం, పురుగూ పుట్రా చేరడం అనే రెండు చిక్కులూ అక్కడే మొదలయ్యాయి.

రాతి గోడలు, మట్టి మిద్దెలు

పల్నాటి సున్నపురాయి చరిత్ర రెండు వేల ఏళ్ల నాటిది. అమరావతి, నాగార్జునకొండ బౌద్ధ శిల్పాలకు వాడింది ఈ రాయినే. చరిత్రకారులు దాన్ని పల్నాటి పాలరాయి అని కూడా పిలిచారు. శిల్పులకు పనికొచ్చిన రాయే సామాన్యుడి గోడకూ నేలకూ పనికొచ్చింది. ఒకటిన్నర, రెండు అడుగుల మందం ఉన్న రాతి గోడ పగటి వేడిని లోపలికి చేరనివ్వడానికి చాలా గంటలు తీసుకుంటుంది. వేడి లోపలికి చేరేసరికి పొద్దు గూకుతుంది, జనం మంచాలు ఆరుబయట వేసుకుంటారు. నేల మీద పరిచిన నాపరాళ్లు మధ్యాహ్నం కూడా చల్లగానే ఉంటాయి. గోడకు కొట్టిన తెల్లసున్నం ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది.

రాయలసీమ నుంచి పల్నాటి దాకా కనిపించే మట్టిమిద్దెలకు దూలాలు, వాసాలు, వాటి మీద మందంగా మట్టి ఉంటాయి. ఆ మట్టే వేడిని ఆపుతుంది, ఆ మట్టికే నీటితో ప్రమాదం. పై పొరగా పోసే చవుడు మట్టి నీటిని ఇంకనివ్వదు. మిద్దె వాలుకు తగ్గట్టు నీళ్లు ఒక మూలకు చేరి దోనెలోంచి వీధిలోకి పడతాయి. ఆ దోనెలో ఆకులు పేరుకున్నా, పిచ్చుక గూడు కట్టినా నీళ్లు మిద్దె మీదే నిలుస్తాయి, మట్టి నానుతుంది, కింద గదిలో కురుస్తుంది. అందుకే తొలకరికి ముందే మిద్దెక్కి గడ్డి పీకి, చవుడు పోసి, దోనెలు శుభ్రం చేసేవారు. వ్యవసాయ పనుల్లాగే అదీ కార్తెల లెక్కన సాగేది.

తడికలు, పంకాలు, మంచుగడ్డ

వట్టివేళ్ల తడికలు గుమ్మాలకూ కిటికీలకూ కట్టి నీళ్లు చల్లడం పాత పద్ధతే. పొడి గాలి తడి వేళ్లలోంచి దూరేటప్పుడు నీరు ఆవిరవుతుంది, ఆవిరయ్యేందుకు కావలసిన వేడిని గాలి నుంచే లాక్కుంటుంది. పల్నాటి వడగాడ్పులో తేమ తక్కువ కాబట్టి ఈ పద్ధతి ఇక్కడ బాగా పనిచేసింది. ఇంగ్లీషు దొరల బంగళాల్లో తడికలతో పాటు తాళ్లు లాగే పంకాలు కూడా ఉండేవి. వాటి కింద ఒకరు చల్లబడితే, లాగే కూలివాడు చెమటోడ్చేవాడు.

మంచు మరీ పెద్దల సొత్తు. అమెరికాలోని బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ గడ్డకట్టిన చెరువుల మంచును కోసి రంపపు పొట్టులో దాచి 1833లో కలకత్తాకు ఓడలో పంపాడు. 1842లో మద్రాసు తీరంలో మంచు నిల్వకు కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది. గుంటూరు, పల్నాడు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే అయినా, ఆ మంచు ఇక్కడి పల్లెల దాకా వచ్చే వీలు లేదు. అయితే మంచు వ్యాపారం ఒక కొలతను వదిలిపెట్టింది. అమెరికా లెక్కన ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి పీల్చుకునే వేడినే నేటికీ ఏసీ సామర్థ్యానికి ఒక టన్నుగా లెక్కిస్తారు. అది సుమారు మూడున్నర కిలోవాట్లు.

సాగర్ నీళ్లు, కరెంటు, సిమెంటు

పల్నాటి ఇల్లు ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో పూర్తిగా మారింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద వరి, పత్తి, మిరప పెరిగి చేతిలో డబ్బు ఆడింది. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడ్డాక కరెంటు లైన్లు పల్లెల దాకా పాకాయి. 1978లో సాగర్ విద్యుత్ కేంద్రంలో తొలి యూనిట్ తిరిగింది. మాచర్లలో కేసీపీ సిమెంటు కర్మాగారం 1958లోనే మొదలైంది. తరువాత దాచేపల్లి పరిసరాల్లో మరికొన్ని వచ్చాయి.

సిమెంటు చవకగా దొరకడంతో మట్టిమిద్దె పోయి స్లాబు వచ్చింది. వాన కురవదు, చవుడు పోసే పని లేదు. కానీ నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా కాగి రాత్రంతా వేడిని గదిలోకి వదులుతుంది. ఫ్యాన్ ఆ వేడిగాలినే కిందికి తోస్తుంది. స్లాబు ఇంట్లో పడుకోలేకపోవడం వల్లే కూలర్‌కూ ఆ తరువాత ఏసీకీ గిరాకీ పుట్టింది.

కూలర్ అంటే ఇనుప పెట్టెలో అమర్చిన వట్టివేళ్ల తడికే. కింద తొట్టి, చిన్న పంపు, మూడు వైపులా గడ్డి ప్యాడ్లు, ముందు ఫ్యాన్. అయితే పల్నాటి బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. నీరు ఆవిరైపోయి సున్నం మిగులుతుంది. రెండు నెలల్లో ప్యాడ్లు తెల్లగా పెంకుకట్టి గాలిని ఆపేస్తాయి, పంపు బిగుసుకుంటుంది. తొట్టిలో నిలిచిన నీళ్లలో దోమలు పెరుగుతాయి. శ్రావణ భాద్రపదాల్లో గాలి తేమగా మారితే కూలర్ చల్లదనం ఇవ్వక ఉక్కపోత పెంచుతుంది. ఆ లోటునే ఏసీ తీర్చింది.

ఏసీ ఇంటికి చేరిన తీరు

ఏసీ పుట్టింది మనుషుల సుఖం కోసం కాదు. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాపీసులో కాగితం తేమకు సాగి రంగులు చెదురుతుంటే, తేమను అదుపు చేసేందుకు విల్లిస్ క్యారియర్ దాన్ని రూపొందించాడు. గాలిలోని నీటిని తీసేయడం దాని మొదటి పని, చల్లదనం దానితో కలిసి వచ్చింది. మన దేశంలో బ్లూస్టార్ 1943లో, వోల్టాస్ 1954లో ఏర్పడ్డాయి. పల్నాటి పట్టణాల్లో సామాన్యుడు ఏసీ గాలిని మొదట పీల్చింది సినిమా హాల్లో, ఆసుపత్రి గదిలో, బ్యాంకులో.

మొదట ఇళ్లకు చేరిన కిటికీ ఏసీలో నీటి సమస్య తక్కువ. పెట్టెను కొద్దిగా వెనక్కి వాల్చి బిగిస్తే నీళ్లు వీధి వైపు కారిపోయేవి. స్ప్లిట్ ఏసీ రాగానే నీరు పుట్టే భాగం పడకగది గోడ మీదకు ఎక్కింది. అక్కడి నుంచి సన్నని ప్లాస్టిక్ గొట్టంలో, కేవలం వాలు ఆధారంగా, నీరు బయటికి పోవాలి. దాన్ని తోసే పంపు ఏదీ సాధారణ ఏసీలో ఉండదు. 2006లో కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ స్టార్ లేబుళ్లు మొదలుపెట్టింది, 2010 నుంచి గది ఏసీలకు అవి తప్పనిసరి అయ్యాయి. కరెంటు ఖర్చు తగ్గే కొద్దీ ఏసీ మధ్యతరగతి ఇంటి వస్తువైంది.

డ్రెయిన్ పూడే తీరు

గదిలోని గాలి చల్లని కాయిల్ రేకుల మధ్య నుంచి పోతుంటే అందులోని తేమ చెమటలా రేకులకు పడుతుంది. చుక్కలు కింది ట్రేలోకి జారి, మూలనున్న రంధ్రం ద్వారా గొట్టంలోకి వెళ్తాయి. ఉక్కగా ఉన్న రాత్రి ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు లీటరుకు పైగా నీరు తీయగలదు. ఫిల్టర్ దాటిన దుమ్ము ఈ తడికి అంటుకుంటుంది. చీకటి, తడి, దుమ్ము మూడూ ఉన్నచోట బూజు, సూక్ష్మజీవులు కలిసి జిగురు పొర కడతాయి. అది ఊడి గొట్టం వంపు దగ్గర చిక్కుకుంటే దారి మూసుకుపోతుంది.

పల్నాడులో ఆ దుమ్ముకు ప్రత్యేకత ఉంది. చలికాలంలో పత్తి మిల్లుల నుంచి నూగు, ఫిబ్రవరి నుంచి మిరప కల్లాల నుంచి ధూళి, ఏడాది పొడుగునా క్వారీల పొడి గాలిలో ఉంటాయి. ఏసీ వాడకం మొదలయ్యే వేళకే ఫిల్టర్లు నిండి ఉంటాయి. పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నపు బట్టీల ధూళి ట్రేలోని తడిలో కలిసి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. బట్టీలో రాయిని కాల్చి తీసిన సున్నం ట్రేలో మళ్లీ రాయవుతుంది. ఇది నీళ్లు పోసి కడిగితే పోదు.

ఇక్కడి చిక్కు బయటపడే కాలం కూడా వేరే. రోహిణీ కార్తెలో గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి ఏసీ పగలూ రాత్రీ తిరిగినా నీరు కొద్దిగానే వస్తుంది. ఆ కొద్ది నీటికి దుమ్ము కొట్టుకుపోదు, బురదలా పేరుకుంటుంది. నైరుతి రుతుపవనాలు వచ్చి గాలిలో తేమ పెరిగాక నీరు ఒక్కసారిగా ఎక్కువవుతుంది. సగం పూడిన గొట్టం దాన్ని మోయలేదు. ట్రే పొంగి గోడ వెంట నీళ్లు కారతాయి, సున్నం పొక్కుతుంది, స్విచ్‌బోర్డు తడిస్తే షాక్ ప్రమాదం. ఎండాకాలంలో బాగా పనిచేసిన ఏసీ వానాకాలంలో కారుతున్నదంటే లోపం చాలాసార్లు అప్పుడు పుట్టింది కాదు, మే నెలలో పేరుకున్నదే.

పురుగూ పుట్రా

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏసీ ఆగి ఉంటుంది. గోడ బయట వేలాడే గొట్టం కొస పొడిగా, నీడగా ఉంటుంది. కుమ్మరి పురుగు వెతుక్కునే చోటు అదే. అది తడి మట్టిని ముద్దలుగా నోట కరుచుకు వచ్చి గూడు కడుతుంది, సాలీడునో గొంగళిపురుగునో కుట్టి కదలకుండా చేసి లోపల పెడుతుంది, గుడ్డు పెట్టి మట్టితో మూసేస్తుంది. మార్చిలో ఏసీ వేయగానే నీళ్లు ఆ మూతకు తగిలి వెనక్కి వస్తాయి.

రాతి గోడల పాత ఇళ్లలో ఇంకో దారి ఉంది. రెండడుగుల గోడలో గుండ్రంగా రంధ్రం చేయడం కష్టం. రాళ్లు ఊడి పెద్ద బొక్క పడుతుంది, పైపులు దూర్చాక చుట్టూ ఖాళీ మిగులుతుంది. దాన్ని కాగితంతోనో స్పాంజితోనో కుక్కితే ఎలుకకు అడ్డం కాదు. ఎలుక రాగి పైపుల చుట్టూ ఉన్న నురగ తొడుగును గూటికి పీకుతుంది, వైర్లు కొరుకుతుంది. బల్లి వెచ్చదనం కోసం సర్క్యూట్ బోర్డు మీదికి చేరి రెండు తీగల మధ్య పడితే బోర్డు కాలిపోతుంది. మేడ మీది అవుట్‌డోర్ యూనిట్ల వెనక పావురాలు గూళ్లు పెడితే ఈకలూ పుల్లలూ రేకుల్ని మూసి కంప్రెసర్‌ను వేడెక్కిస్తాయి.

చీమల సంగతి ప్రపంచమంతటా ఉన్నదే. అమెరికాలోని హ్యూస్టన్ దగ్గర 2002లో టామ్ రాస్‌బెరీ అనే చీడల నివారణ నిపుణుడు ఒక కొత్త రకం చీమల్ని గమనించాడు. కరెంటు పెట్టెల్లో చేరి పరికరాలు పాడుచేసే ఆ చీమలు చాలా కాలం ఆయన పేరుతోనే పిలవబడ్డాయి. కరెంటును కలిపి తెంచే కాంటాక్టర్‌లో ఒక చీమ షాక్ తగిలి చస్తే, అది వదిలే వాసనకు మిగతావి అక్కడికి పోగవుతాయి. చచ్చిన చీమల పొర వల్ల కాంటాక్టర్ సరిగా అతుక్కోదు.

బయటికి పోయిన నీటితోనూ జాగ్రత్త అవసరం. గొట్టం కింద పెట్టిన బకెట్‌లో నిలిచిన తేట నీరు డెంగీ దోమకు అనువైన చోటు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఆంధ్రప్రదేశ్‌లో శుక్రవారం డ్రై డే పాటించమనడం వెనకున్న లెక్క ఇదే.

నీటి దారిని కాపాడటం

వాడే కాలంలో ఫిల్టర్‌ను రెండు వారాలకోసారి కడిగి నీడన ఆరబెట్టాలి. పత్తి, మిరప సీజన్లో వారానికోసారి మేలు. సర్వీసింగ్ రెండుసార్లు అవసరం: మార్చిలో వాడకం మొదలయ్యే ముందు ఒకసారి, తొలకరికి ముందు మరోసారి. మొదటిది పురుగుల గూళ్ల కోసం, రెండోది ఎండాకాలపు బురద కోసం. మెకానిక్ కాయిల్ కడిగేటప్పుడు ట్రేను కూడా విప్పించి, గొట్టంలో నీళ్లు పోయించి కొస దగ్గర ధారగా వస్తున్నదో లేదో చూడాలి. మూత విప్పేముందు మెయిన్ కట్టేయాలి.

గొట్టం మొదటి నుంచి చివరి దాకా కిందికి వాలి ఉండాలి, మధ్యలో ఎక్కడా వేలాడకూడదు. కొస బకెట్ నీళ్లలో మునిగితే లోపల గాలి చిక్కుకుని నీరు ఆగిపోతుంది. మరుగుదొడ్డి పైపులోకి నేరుగా కలిపితే దుర్వాసన, బొద్దింకలు గదిలోకి వస్తాయి. కొసకు సన్నని జాలీ కట్టి, అది పూడకుండా చూసుకోవాలి. గోడ రంధ్రాన్ని ఉక్కు పీచు కూరి సిమెంటుతో మూస్తే ఎలుక కొరకలేదు. పురుగుల మందును ఏసీ లోపల కొట్టకూడదు, ఆ గాలినే ఇంటివారు పీలుస్తారు.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారికి ఇంకా మంచి మార్గం ఉంది. గోడ కట్టేటప్పుడే ఏసీ చోటు నిర్ణయించి, సన్నని గొట్టానికి బదులు లావుపాటి పీవీసీ పైపును వాలుగా వేయించి, వంపు దగ్గర విప్పి శుభ్రం చేసే మూత పెట్టించుకుంటే చాలు. దానికయ్యే ఖర్చు ఒక్కసారి పొక్కిన గోడకు రంగు వేయించే ఖర్చు కంటే తక్కువ.